అగ్గిపుల్లల చేతికి తెలిసిన పియానో

శుక్రవారం రాత్రి, కోవిల్‌పట్టి. నేను చెప్పింది చెప్పినట్టు మనవరాలు రాస్తోంది.

సంగీతం నేర్చుకునే పిల్లల మీద జపాన్ బొమ్మల సీరియల్ ఒకటి మేమిద్దరం రోజూ చూస్తాం. ఇవాళ దాన్ని ఆపించాలని నా కొడుకు టీవీ పక్కన నిలబడ్డాడు.

“కింద వచ్చే అచ్చరాలు సదవను రాదు, ఆ బాస తెలీదు. నీకేం అర్తమవుతాదిమా?”

“సుమ్మా ఉండురా! ఆ పియానో పిల్ల నడమ నిలిపేస్తాది, చూడు.”

నిలిపేసింది! వాడు నోరు తెరిచాడు. నలభై ఏళ్లు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో, చట్రంలో అగ్గిపుల్లలు పేర్చినదాన్ని. ఆ పిల్లకిలా మణికట్టు బిగుసుకుంటే వేళ్లు తప్పుతాయని నాకొకరు చదివి చెప్పాలా?

తర్వాతి భాగం వాడే పెట్టాడు. ఆ పిల్ల భయపడుతూనే మళ్లీ పియానో ముందు కూర్చుంది.

“ఏమిరా, ఆపేద్దామా?” అన్నాను.

“మాట్లాడొద్దుమా, విననీ,” అన్నాడు.