పందొమ్మిదో రోజున ఆపిన నవల

ఫణీ,

డ్యూటీకి పోతున్నాను. పప్పు వండేశాను. మళ్ళీ వెచ్చబెట్టకు, మాడుస్తావు.

నెలలో నవల రాస్తానని పోటీకి పేరిచ్చింది నువ్వు. పందొమ్మిది రోజులుగా మాడిన పప్పు తింటున్నది నిన్ను కట్టుకున్న నేను. ఇప్పుడు "నావల్ల కాదండీ, బస్ హోగయా, ఇక చాలు" అంటే ఎలా? మా రైల్వే వర్క్‌షాపులో జాకీల మీదికెత్తిన వ్యాగన్‌ని చక్రాలు వెయ్యకుండా ఎవరూ వదిలిపోరు.

రాత్రి నువ్వు ఉండచుట్టి పారేసిన కాగితాలన్నీ చెత్తబుట్టలోంచి తీసి ఇస్త్రీ చేశాను. బల్ల మీదున్నాయి. చదివాను కూడా. సాయంత్రం వంట నాదే. కూర్చుని రాయి.

గురునాథం

మరిచాను. నీ నవలలో ఆ మొగుడు పన్నెండు పేజీల్లో పెళ్ళాంతో ఒక్క ముక్క మాట్లాడడు. మరీ అంత అన్యాయమా? ఇవాళైనా వాడిచేత ఒక మాట అనిపించు. ఏమనాలో తోచకపోతే ఆగు, వచ్చాక నేను చెప్తాను.