మమత జుట్టుకు సాంబ్రాణి పొగ

ఏమే అనసూయా,

ఈ బిస్కెట్లు చేసేవాళ్లకు సిగ్గు లేదు. చాయ్‌లో ముంచి ఎత్తేలోపే విరిగి అడుగుకు పోతున్నాయి. పళ్లు లేని నేను వేలితో దేవుకోవాలా?

మన మనమరాలు మమత కాన్పుకు తొండుపల్లి వచ్చింది. ఏడో నెల. నీ ఉబ్బసం దానికే వచ్చింది కదా. మందు కడుపులో బిడ్డకు తగులుతుందని ఎవరో చెబితే, పీల్చే పంపు మానేసిందట. ఈ పొద్దున తలంటు పోశాక దాని తల్లి, మన కోడలు, బొగ్గుల మీద సాంబ్రాణి చల్లి దాని జుట్టుకు పొగ పట్టింది. అంతే, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. నువ్వు పోయేముందు నీ దగ్గర ఆఖరిసారి విన్న చప్పుడే. పెదవులు నల్లబడ్డాయి. ఆటోలో దాని చేయి పట్టుకుని కూర్చున్నాను. ఎప్పుడూ అందరినీ నవ్వించే నేను దారంతా దేవుళ్లకు మొక్కుకున్నాను.

శంషాబాద్ దవాఖానలో ఆక్సిజన్ పెట్టాక తేరుకుంది. డాక్టరమ్మ కోప్పడింది.

"నీకే గాలి ఆడకుంటే లోపల బిడ్డకు ఎక్కడికెల్లి వస్తదమ్మా? పంపు బంద్ చెయ్యకు. పొగ దగ్గరికి పోకు."

మమత పంపు పీలుస్తానని ఒప్పుకుంది. కోడలే వినదు.

"తడి తలకు పొగ పట్టకుంటే సర్ది చేస్తది మామా. నా కాన్పులకు అత్తమ్మ పట్టలేదా?"

"మీ అత్తమ్మ ఆ పొగల ఎట్ల దగ్గేదో యాదికి లేదా?"

బతిమాలాను. కాళ్లు పట్టుకుంటానన్నాను.

"ఊకో మామా, నీకన్నీ పరాష్కాలే, నవ్వులాటలే" అని నవ్వింది.

ఆదివారం మళ్లీ తలంటు పోస్తానంది. నాకేం తోచలేదు. కోడలు దుకాణానికి పోగానే బొగ్గుల సంచిలో బిందెడు నీళ్లు గుమ్మరించి, బర్రె ఉచ్చ పోసిందని చెప్పాను. ఆ మాట మాత్రం నమ్మింది.