మెట్టు మెట్టుకూ పసుపు

కడంబత్తూరు,
ఆదివారం.

చిరంజీవి సింధూరకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. అందరం అంటే ఇప్పుడు నేనొక్కణ్ణే. క్షేమమే. కోయంబత్తూరులో నువ్వూ అలాగే ఉన్నావనుకుంటాను.

వేళకు తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. తిరువళ్లూరులో ఆఫీసు వదిలాక ఏడింటికి ఇల్లు చేరి వండుకుంటున్నాను. రసం కుదురుతోంది. కుళంబు పులుసు ఇంకా కుదరలేదు. నీకు తెలుగు చదవడం నెమ్మదని తెలుసు. అయినా ఇది ఫోనులో చెప్పేది కాదు. మెల్లగానే చదువు.

అమ్మ వైపు ఎవరికీ షుగరు లేదు కదా, తనకెందుకు వచ్చింది అని రాశావు. కింద రాస్తాను. దానికి ముందు ఇంకో మాట.

అమ్మ సంవత్సరీకం అయింది కదా, మొన్న కృత్తికకు తిరుత్తణి కొండకు వెళ్ళాను. అమ్మ చేసినట్టే మూడువందల అరవై అయిదు మెట్లకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగిస్తూ ఎక్కాను. నేను తొందరపెట్టినప్పుడల్లా అమ్మ, "సామి యాడికన్నా పోతాడా బావా? నిదానంగా ఎక్కుదాం" అనేది. మొన్న నూరో మెట్టు దగ్గర నాకు అర్థమైంది. ప్రతి మెట్టు మీదా వంగి, కర్పూరం ఆరేదాకా కూర్చుంటే ఎంత ఆయాసమైనా తీరిపోతుంది. పక్కవాడికి తెలియదు. నేను అన్నేళ్ళూ దాన్ని భక్తి అనుకున్నాను.

ఇప్పుడు నీ ప్రశ్న. అయిదేళ్ళ కిందట, నువ్వు హాస్టల్లో ఉండగా, తిరువళ్లూరులో వైద్య శిబిరం పెట్టారు. అమ్మను గొట్టంలో గట్టిగా ఊదమన్నారు. "ఇరవై ఏండ్లు ఊకపొయ్యి ఊదినదాన్ని, దీన్ని ఊదలేనా?" అని నవ్వింది. మూడుసార్లు ఊదింది. ఉండాల్సిన ఊపిరిలో సగం దాటలేదు.

డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. ఊపిరితిత్తులకు వైద్యం కావాలన్నాడు. ఊపిరి బలం తక్కువున్నవాళ్ళలో తర్వాత షుగరు కనబడడం కొంచెం ఎక్కువనీ, ఎందుకో ఇంకా పూర్తిగా తేలలేదనీ, అందరికీ రాదనీ చెప్పాడు. ఏటా పరగడుపున రక్తపరీక్ష చేయించమని చీటీ రాసిచ్చాడు.

బయట బెంచీ మీద అమ్మ అడిగింది. "ఏమంటాడు బావా?"

"ఏమీ లేదంట."

మరునాడు తిరుత్తణి ప్రయాణం. భయపెట్టి ఆపడం ఎందుకనుకున్నాను. తను కొండ ఎక్కింది. ఎక్కిన మనిషికి జబ్బేమిటని చీటీని పంచాంగంలో పెట్టాను. రెండేళ్ళకు కాలి పుండు మానకపోతే షుగరు బయటపడింది. అప్పటికే ముదిరింది.

పరీక్ష చేయించి ఉంటే బతికేదని ఎవరూ చెప్పలేరు. చేయించలేదని మాత్రం నేను చెప్పాలి.

నీ గదికి మూడంతస్తులు ఎక్కితే ఆయాసం వస్తోందని, అలవాటు లేకేనని రాశావు. ఏ అంతస్తు దగ్గర ఫోను చూస్తున్నట్టు ఆగుతున్నావో నేను అడగను. చిన్నప్పుడు నువ్వూ ఆ పొయ్యి పక్కనే, ఆ పొగలోనే కూర్చుని చదువుకున్నావు.

శుక్రవారం వస్తున్నాను. శనివారం ఉదయం ఏమీ తినకు. ఊదే పరీక్ష, రక్తపరీక్ష రెండూ చేయిద్దాం. ఫలితం డాక్టరు నీకే చెప్పాలి. నేను బయట బెంచీ మీద కూర్చుంటాను.

అమ్మ చీటీ ఈ కవరులోనే ఉంది. మడత పెట్టినచోట చిరిగింది, జాగ్రత్త.

ఇట్లు,
శుక్రవారం నీ మూడంతస్తులూ ఎక్కి వచ్చే
నాన్న
గుణశేఖర్