ఏటి కావాలండీ

అప్పా,

ఫోన్లో మాటాడాలంటే బయమేస్తన్నాది, అందుకే అక్కవని నీకు రాస్తన్నాను. ఇజీనారం బట్టల మాల్లో కస్టమర్ని "ఏటి కావాలండీ?" అన్నానని నన్ను కౌంటర్లోంచి తీసేసి గోడౌన్లో పడేసారు. మన యాసోళ్లందరికీ అంతే, జీతమూ తక్కువే. సోమవారం పెద్దాఫీసు సారొస్తాడు. అందరికీ ఒకటే జీతమియ్యమని అడగడానికి తోటి ఆడపిల్లలు నన్నే ముందుకి తోస్తన్నారు. నా మాటకి సారు నవ్వేస్తే అందరి పనీ సెడిపోతాదని, 'ఏటి' నోట రాకుండా అద్దం ముందు "ఏం కావాలండీ" అని ఒకటే బట్టీ పడతన్నాను.

నిన్న అమ్మ ఫోన్ సేసి "తిన్నావేటే?" అన్నాది. నా నోట్లోంచి "ఏం కావాలండీ?" అని వచ్చేసినాది. రాంగ్ నంబరనుకుని అమ్మ పెట్టేసినాది.

అది నేనేనని అమ్మకి నువ్వే సెప్పు. సోమవారం ఏ నోటితో మాటాడాలో అదీ సెప్పు.

నీ సెల్లి