ఆ పేజీలో అంకె

అన్నయ్యకు,

వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి గనిలో లిఫ్టు నడపబోతున్నానని రాయించావు. ఆ రోజు రాకముందే నీకొక సంగతి తెలియాలి. అందుకే, జవాబుకు ఎప్పుడూ నెల తీసుకునే నేను నీ ఉత్తరం అందిన మూడో రోజే రాయడానికి కూర్చున్నాను. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వూ, ఇది నీకు చదివిపెడుతున్న కంపౌండరు గారూ కులాసాగా ఉన్నారని అనుకుంటాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు నయం. మెట్లు ఎక్కుతోంది, దిగేటప్పుడే మూలుగుతోంది. నాన్న ఇంకా రంగుల కార్ఖానాకు వెళ్తున్నాడు. మేస్త్రీ పని ఇక చాలించమంటే, "నేను మానేస్తే తొట్టెల్లో ఉండేది రంగు కాదే, బురద" అంటాడు. నీ సైకిలు నేనే తొక్కుతున్నాను. దాని బ్రేకుకు నీ చెయ్యే అలవాటు. నా మాట వినదు.

బళ్లో ఏం పాఠం చెబుతున్నానని అడిగావు. తొమ్మిదో తరగతికి జీవుల మధ్య సంబంధాలు చెబుతున్నాను. మా బడి వెనక గోడ మీద బూడిద రంగు పొక్కుల్లాంటిది ఒకటి పెరుగుతుంది. చూడడానికి ఒకటే గాని, అందులో ఉండేవి రెండు జీవులు. బూజు జాతిది ఇల్లు కట్టి తడి పట్టి ఉంచుతుంది. నాచు జాతిది ఎండలో తిండి తయారు చేస్తుంది. ఇదంతా చెప్పి ముగించబోతుంటే ముందు బెంచీ పిల్ల లేచింది. "టీచర్, మరి వీటిలో పరాన్నజీవి ఏది? వండేది ఒకటి, ఊరికే కూర్చుని తినేది ఒకటి కదా!"

ఊరికే కూర్చోవడం లేదమ్మా అన్నాను. ఆ తర్వాత గంట కొట్టేదాకా బోర్డు తుడుస్తూ నిలబడ్డాను.

పరాన్నజీవి అన్న ఆ మాట నీకూ గుర్తుండే ఉంటుంది. కార్ఖానాలో ఆకుపచ్చ తొట్టెలో ముంచాల్సిన నూలు కట్టలన్నీ నువ్వు ఎర్ర తొట్టెలో ముంచావని నాన్నే నిన్ను పనిలోంచి తీసేశాడు. నువ్వు ఇంట్లో ఉన్న ఆ రెండు నెలల్లో నీళ్లు మోసింది నువ్వు. గిన్నెలు తోమింది నువ్వు. నన్ను సైకిలు మీద బడికి దింపిందీ నువ్వే. ఒక రాత్రి అన్నాల దగ్గర నేను పాఠం గట్టిగా చదువుతున్నాను: ఇంకో జీవి తిండి మీద బతుకుతూ దానికి హాని చేసేది పరాన్నజీవి. ఉదాహరణ పేను. "మనింట్లోనూ ఒకటుంది కదా నాన్నా" అని నీ వైపు చూశాను. నాన్న నవ్వాడు. రెండు నెలల్లో ఆయన నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు తెప్పించానని నాకు గర్వంగా కూడా అనిపించింది. "పేనునా పంతులమ్మా నేను? సరే, నీ తల వదిలిపోతాలే" అని నువ్వూ నవ్వావు. తెల్లారి నీ ట్రంకుపెట్టె లేదు.

కంపౌండరు గారూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆపండి. గదిలో ఇంకెవరైనా ఉంటే వాళ్లు వెళ్లాక మిగతాది చదవండి.

అన్నయ్యా, అంతకు వారం ముందు నా పుస్తకం చివరి పేజీ నీకు చూపించాను, గుర్తుందా? అంతా రంగు చుక్కలు. ఆకుపచ్చ చుక్కల మధ్య ఎర్ర చుక్కలతో ఆరు అంకె ఉంది. "అంకె ఎక్కడుందే, అన్నీ చుక్కలే కదా" అన్నావు. అంకెలు కూడా రావు నీకు అని పడీపడీ నవ్వాను. నువ్వు పుస్తకం మెల్లగా మూసి, "చదువుకోనివాడికి ఎలా కనిపిస్తుందిలే" అన్నావు.

చదువుకీ దానికీ సంబంధం లేదు. నువ్వు వెళ్లిన మూడో వారం మా మాస్టారు ఆ పేజీ ఎందుకో చెప్పారు. కొందరికి పుట్టుకతోనే ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయట. రంగును గుర్తుపట్టే ఆ వివరం అమ్మ దగ్గర రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి చెడినా రెండోదానితో పని నడుస్తుంది. కొడుక్కి వచ్చేది ఒక్క ప్రతే, అదీ అమ్మ నుంచే. పచ్చి టమాటాలు తెచ్చి పండ్లని వాదించే అమ్మ తరపు తాతయ్య నుంచి అది అమ్మలోకి వచ్చి ఉంటుంది. మనిద్దరం ఒకే సంచిలో చెయ్యి పెట్టాం. చెడ్డది నీ చేతికి తగిలింది.

ఆరేళ్లుగా ఇది నాకు తెలుసు. నాన్న అమ్మను ఎత్తిపొడుస్తాడేమోనని చెప్పలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. చెబితే, ఆ రోజు ఇంట్లో హాని చేసిన జీవి ఏదో అందరికీ తెలిసిపోతుంది.

నిన్న ఇద్దరికీ చెప్పేశాను. "మా నాన్న నాకేమీ ఇవ్వలేదనుకున్నాను ఇన్నాళ్లూ" అంది అమ్మ. నాన్న తన గోళ్లలోని రంగు చూసుకుంటూ కూర్చున్నాడు. "రెండు తొట్టెలూ ఒకేలా ఉన్నాయి నాన్నా అన్నాడు వాడు. ఎదురు చెబుతున్నాడని చెయ్యి చేసుకున్నాను" అన్నాడు. అన్నం ముట్టలేదు.

ఇప్పుడు నీ లిఫ్టు. ఒకే గాజు వెనక ఎర్ర లైటూ పచ్చ లైటూ మారి మారి వెలుగుతాయనీ, ఇప్పటికి తేడా తెలియడం లేదు గాని అలవాటైతే తెలుస్తుందనీ రాయించావు. తెలియదు అన్నయ్యా. ఎన్నేళ్లు చూసినా తెలియదు. లిఫ్టులో పద్నాలుగు మంది ఉంటారని నువ్వే రాయించావు.

ఆ పేజీ చింపి ఇందులో పెట్టాను. పగటి వెలుతురులో చూడు. పక్కన కంపౌండరు గారినీ చూడమను. నీకు అంకె కనిపించకపోతే ఆ పని వద్దని మీ ఇంజనీరుకు చెప్పు. ఇందులో నీ తప్పేమీ లేదని నేను కూడా ఆయనకు వేరే ఉత్తరం రాస్తాను. నువ్వు ఊఁ అంటేనే. ఈసారి నిన్ను అడగకుండా నీ గురించి ఎవరితోనూ ఏమీ అనను.

ఇరవై అయిదో తారీఖులోగా నీ జవాబు నాకు చేరాలి. ఒక్క ముక్క చాలు. కనిపించకపోతే చుక్కలే అని రాయించు. నేను నవ్వను.

ఇట్లు
నీ చెల్లెలు,
పంతులమ్మ