తూలే కాలవ పాట

ఖైతాన్, కువైట్
14 నవంబరు 2008

ప్రియమైన అక్కకి,

తమ్ముడు బుల్లిరాజు నమస్కరించి రాయునది. భర్త పోయిన ఆడమనిషికి ఉత్తరం రాసేటప్పుడు 'గంగాభాగీరథీ సమానురాలు' అని మొదలుపెట్టాలని మన పెద్దవాళ్ళు నేర్పారు. భార్య పోయిన మగాణ్ణి ఏ నదితోనూ పోల్చరు గనక ఆ మాట నేను రాయను. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు క్షేమంగా ఉన్నావనే అనుకుంటున్నాను. 'మేమిద్దరం క్షేమం' అని ఎందుకు రాయలేదో ఈ ఉత్తరంలోనే చెబుతాను. చివరిదాకా చదువు. మధ్యలో చించెయ్యకు.

దీన్ని రాజోలు సూరాయమ్మ చేతికి ఇస్తున్నాను. రుమైథియాలో ఒక ఇంట్లో పనిచేస్తుంది. వాళ్ళ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఎట్టకేలకు సెలవిచ్చింది. అలా 'ఇచ్చింది' అని రాయడం కూడా నాకు మంటే. మూడేళ్ళు గొడ్డులా చాకిరీ చేసిన మనిషికి సెలవు ఆవిడ ఇచ్చేదేమిటి, హక్కు కాదా? సరే, ఆ గొడవ వద్దు. మోకాళ్ళకి రాసుకునే తైలం కూడా సూరాయమ్మతోనే పంపుతున్నాను.

నీ ప్రశ్నలకి జవాబులు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. మాగాయ సీసా పగలకుండా చేరింది. 'ఆఫీసులో మళ్ళీ ఎవరితోనైనా దెబ్బలాడావా' అన్నావు. ఆడాను. అది మామూలే.

ఇక ఫోటో సంగతి. మన సూర్యకిరణ్ వేసుకున్న నల్ల చొక్కా మీద బారెడు గడ్డాలూ, నెత్తిన కొమ్ములూ, చేతుల్లో నురగలు కక్కే చెంబులూ ఉన్న ఆ మనుషులెవరు, పిల్లాడు ఏదైనా మతంలో కలిశాడా అని భయపడ్డావు. మతం కాదక్కా. మతమైతే నాకు వాదించడం సులువయ్యేది. అది సంగీతం. ఫోక్ మెటల్ అంటారు. స్వీడన్, నార్వే, ఫిన్లాండ్ వైపు చలి దేశాల కుర్రాళ్ళు తాతల నాటి పల్లెపాటలు తీసుకుని, ఫిడేలూ, మెడకు తగిలించుకునే హార్మోనియం లాంటి అకార్డియనూ, వాటి వెనక రైసుమిల్లులా రొదపెట్టే గిటార్లూ కలిపి వాయిస్తారు. సాహిత్యమంతా బీరే. బీరు తాగాం, అడవిలో దారి తప్పాం, భూతం ఎదురైతే దానికీ ఓ చెంబు పోశాం, అది మాకన్నా ముందు పడిపోయింది. ఇదీ వరస.

సీసా దొరికితే జైల్లో పెట్టి ఊరికి పంపేసే దేశంలో, పగలంతా ఏసీలు బాగుచేసొచ్చి, ఒక్క చుక్క తాగి ఎరగని నీ కొడుకు ఈ పాటలు చెవుల్లో పెట్టుకుని తలాడించేవాడు. నాకు ఒళ్ళు మండేది. మండదా? సారా దుకాణాల ముందు ఆడవాళ్ళ పక్కన బైఠాయించినవాణ్ణి. బావ ఏమైపోయాడో కళ్ళారా చూసినవాణ్ణి.

"తాగుడు హాస్యమట్రా?" అనేవాణ్ణి.

"తాగుడు కాదు మావయ్యా, తూలడం. వాళ్ళమీద వాళ్ళే జోకులేసుకుంటారు."

"ఆ దేశంలో పడిపోతే ప్రభుత్వం లేవదీసి ఆస్పత్రిలో పెడుతుంది. మనవాణ్ణి ఎవడు లేవదీస్తాడు?"

"అబ్బా! పాటకి కూడా బడ్జెట్ కేటాయించాలా మావయ్యా?"

ఇంతే, రోజూ ఇదే. వాడు నవ్వేవాడు, నేను అరిచేవాణ్ణి. అన్నం మాత్రం కలిసే తినేవాళ్ళం.

'నెల రోజులైంది, వాడి ఫోన్ లేదు. ఓవర్‌టైం అని నువ్వన్నావు, నిజమేనా?' అని అడిగావు. నిజం కాదు. నీతో అబద్ధమాడాను.

మేం ఇక్కడ నెలకో శుక్రవారం అబ్బాసియాలో ఒక హోటలు మేడమీద తెలుగు సాహిత్య సభ పెట్టుకుంటాం. అధ్యక్షుణ్ణి నేను. ఎవరు ఏం చదివినా, ఏం పాడినా దానిమీద చర్చ జరగాలి, చివర తీర్మానం పెట్టి చేతులెత్తించాలి. ఈ పద్ధతి పెట్టిందీ నేనే. కిందటి నెల సభలో సూర్యకిరణ్ తను కట్టిన తెలుగు పాట పాడతానన్నాడు. వాడు గిటారు, వాడి స్నేహితుడు వసీమ్ డప్పు. వసీమ్‌ది రాయచోటి, వ్యాను నడుపుతాడు. ఇద్దరి నెత్తినా అట్టముక్కలతో చేసిన కొమ్ములు, చేతుల్లో లబన్ సీసాలు. లబన్ అంటే ఇక్కడి మజ్జిగ.

"మజ్జిగ తాగి తూలేటోళ్ళని యాడన్నా చూసినారా అన్నా? ఇప్పుడు చూడండి!" అన్నాడు వసీమ్.

పాటలో ఒక మనిషి కొబ్బరికాయలు ఒలిచే పని ముగించుకుని, తాగి, ఇంటికొస్తుంటాడు. పంటకాలవ మీద తాటిపట్టె వంతెన. నాలుగు కాళ్ళమీద పాకుతూ, "తాగింది నేను కాదు, కాలవ! చూడండి ఎలా తూలుతోందో, దాన్ని పట్టుకోండి!" అంటాడు. ఒడ్డు చేరి గేదె మెడని పెళ్ళామనుకుని కావిలించుకుని, "సత్యా, కోపం వద్దే" అని బతిమాలతాడు. చివరికి ఇంటి గుమ్మం చేరి తలుపు తడతాడు, పాట అక్కడితో సరి. హాలంతా పగలబడి నవ్వింది. "కాలవ తూలుతోంది, పట్టుకోండి" అని అందరూ బల్లలు చరుస్తూ వంతపాడారు.

నాకు బావ గుర్తొచ్చాడు. లేచాను. ఏమన్నానో రాస్తున్నాను.

"ఈ పాట కట్టినవాడి తండ్రి సారా తాగి చచ్చాడు. తాగుబోతు కడుపున పుట్టి, తండ్రి చావుని చప్పట్లకి అమ్ముకునేవాణ్ణి మనిషంటారా?"

"ఏం సార్, అంత మాటంటారు? వాళ్ళ నాయన గదా!" అని వసీమ్ డప్పు కింద పెట్టేశాడు.

నేను ఆగలేదు. ఈ పాట ప్రజా వ్యతిరేకమని ఖండిస్తూ తీర్మానం పెట్టాను. నా మొహం చూసి ఒక్కొక్కరే చేతులెత్తారు. అప్పుడు నీ కొడుకు, నెత్తిమీద ఆ అట్ట కొమ్ములు తియ్యకుండానే, చెయ్యెత్తాడు.

"ఏకగ్రీవం చేసుకో మావయ్యా," అన్నాడు.

మర్నాడు బట్టలు సర్దుకుని వసీమ్ గదికి వెళ్ళిపోయాడు. ఆ రోజే నువ్వు ఫోన్ చేస్తే ఓవర్‌టైం అన్నాను.

కిందటి శుక్రవారం అబ్బాసియా వెళ్ళాను. క్షమాపణకి అనుకుంటున్నావేమో. కాదు, నా వాదన వివరంగా చెప్పొద్దామని వెళ్ళాను. వసీమ్ టీ పెట్టాడు. సూర్యకిరణ్ నా మొహం చూడకుండా గిటారు తీగలు బిగించుకుంటూ అన్నాడు:

"నాన్న గురించి ఎన్ని సభల్లో చెప్పావు మావయ్యా! చిన్నప్పట్నుంచీ ముందు వరసలో కూచుని విన్నాను. అన్నిట్లోనూ నాన్న చచ్చిపోతాడు. జనం అయ్యో అంటారు, నీకు చప్పట్లు కొడతారు. నా పాటలో కనీసం ఇంటిదాకా వస్తాడు."

వాదించడానికి వెళ్ళినవాణ్ణక్కా. నేను!

తీర్మానం వెనక్కి తీసుకుంటానన్నాను. "నీ సభ, నీ ఇష్టం. నువ్వన్న మాట మాత్రం అమ్మకి రాయి, ఉన్నదున్నట్టు. ఫోన్ చేస్తే ఏమైందిరా అని అడుగుతుంది. నేను అబద్ధం చెప్పలేను, ఆ మాట నా నోటితో అనలేను. నీ ఉత్తరం అమ్మ చదివాక చేస్తాను," అన్నాడు.

పైన రాశాను. ఒక్క మాట కూడా మెత్తబరచలేదు.

తాగుడు మంచిదని నేనిప్పటికీ అనను. బావ ఒలిచిన కాయల కూలి ఎవరి గల్లాపెట్టెలోకి పోయిందో మర్చిపోలేదు, మర్చిపోను. ఆ పాట మీద నాకు అభ్యంతరాలు ఇంకా ఉన్నాయి. కానీ అభ్యంతరం చెప్పడానికి కొడుకు మొహాన తండ్రి శవాన్ని విసరనక్కర్లేదు. చప్పట్లకి అమ్మినవాణ్ణి నేను. పదేళ్ళు అమ్మాను. నీ అనుమతి కూడా అడక్కుండా, వేదికలెక్కి నీ కన్నీళ్ళు వర్ణించాను.

వచ్చేముందు ఒకటి అడిగాను. పాట గుమ్మం దగ్గర టక్కున ఆగిపోతుందేమిరా అని. "తలుపు తీశాక అమ్మ ఏమనేదో నాకు గుర్తులేదు. తిట్టేదో, నవ్వేదో. నేను నిద్రపోయుండేవాణ్ణి," అన్నాడు.

నాకూ తెలియదు. ఇన్ని ఉపన్యాసాలిచ్చాను, నిన్ను ఒక్కసారి అడగలేదు.

ఇప్పుడు కూడా ఆ సంగతి నాకు రాయొద్దు. రాస్తే మళ్ళీ ఏ సభలోనో చెప్పేస్తాను. నా నోటిమీద నాకే నమ్మకం పోయింది. వాడు ఫోన్ చేస్తాడు. వాడికి చెప్పు.

ఇట్లు,
నీ కోపానికి తల వంచిన తమ్ముడు
బుల్లిరాజు