మేనత్త రాగం

ఆదివారం.

హైదరాబాద్ సభలో వాయించిన నా కొత్త స్వరరచనను ఈరోజు ఊరికి వెళ్లి మా మేనత్త మల్లమ్మకు నా ఫోన్‌లో వినిపించాను. తల్లి చచ్చిన గొర్రెపిల్లను వేరే గొర్రెకు అలవాటు చేసేటప్పుడు ఆమె తీసే రాగమే అది. నిరుడు ఆమె పాడుతుంటే రాసుకున్నాను. ఆహ్వానపత్రికలో నా పేరొక్కటే వేయించుకున్నాను.

అత్త చివరిదాకా విన్నది.

"మంచిగున్నది గని, నడుమ ఆగుడు లేదేంది అల్లుడా? గొర్రె గా పిల్లను వాసన చూడొద్దా?"

ఆ ఖాళీలన్నీ నేను వయొలిన్లతో నింపాను.

"ఎవలు కట్టిండ్రు గిది?"

"నేనే, అత్తా."

"గట్లనా! నాది గూడ జర గిట్లనే ఉంటది," అని నవ్వి చాయ్ పెట్టడానికి లేచింది.

మాట దిద్దుకోవడానికి అప్పుడూ వీలుంది. చాయ్ తాగి వచ్చేశాను.